అన్న ఎల్లారెడ్డిలో వాయించని దెబ్బ

పొద్దున్నే కామారెడ్డిలో టీ తాగుతుంటే ఎల్లారెడ్డి నుంచి వదిన ఫోన్ చేసింది. "మీ అన్న పోయిండు తమ్మీ" అన్నది. మా డ్రమ్స్ అన్న. దేశమంతా తిరిగిన మా రాక్ బ్యాండులో ఇరవై ఏళ్ళు నా వెనక కూర్చుని వాయించినవాడు. ముందు నిలబడి పాడేది నేను కాబట్టి అందరికీ నా మొహమే తెలుసు. బరువు మోసింది మాత్రం ఆయనే.

ఆయనకు డ్రమ్స్ ఎవరూ నేర్పలేదు. వాళ్ళమ్మ బీడీలు చుట్టే చాట మీదే మొదలు. "తంబాకంత పారబోస్తివి గదరా, నీ చేతులిరుగ!" అని ఆమె తిట్టేదట. ఆ ముచ్చట చెప్పి పడీ పడీ నవ్వేవాడు.

పాట మధ్యలో మాటలు మరిచిపోవడం నాకు పాత జబ్బు. నేను తడబడితే ఆయన అదే దరువు మళ్ళీ మొదటి నుంచి తిప్పేవాడు. జనం అదీ పాటేననుకునేవారు. "నువ్వు అందుకునేదాక తిప్పుతనే ఉంట, నీకేం ఫికర్?" అనేవాడు.

మాకు పేరు తెచ్చిన పాటకు దరువు ఆయనదే. మా వైపు శవం ముందు కొట్టే సావు దెబ్బ అది. కాస్త వేగం పెంచాడు, అంతే. పుణెలో, గౌహతిలో కుర్రాళ్ళు దానికి చిందులేశారు. అది ఎక్కడిదో మేమే మరిచిపోయాం.

కామారెడ్డి కచేరీలో గుర్తొచ్చింది. దరువు ఎత్తుకోగానే ముందు వరుసలో ఒక అవ్వ లేచి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఎవలు పోయిన్రు బిడ్డా?" అని అడిగింది. అన్న పుల్లలు పక్కన పెట్టి, దిగివచ్చి ఆమె కాళ్ళకు మొక్కాడు. "ఎవ్వలు పోలేదవ్వా. నాదే తప్పు." ఇక ఆ పాట వాయించలేదు. జనం అదే కావాలని అరుస్తుంటే నేను మైకు పట్టుకుని పిచ్చోడిలా నిలబడ్డాను.

"గింతమందిల నా ఇజ్జత్ తీసినవ్ గదనే అన్నా!" అని స్టేజీ వెనక ఆయన మీద పడ్డాను. బ్యాండు ఆ రోజుతోనే ఆగిపోయింది, నా మొండితనం వల్ల. ఆయన ఎన్నిసార్లు ఫోన్ చేశాడో! "ఎల్లారెడ్డికి రారాదురా, ఊకె కూసోని వాయిద్దాం." ఆ పాట వాయిస్తానంటేనే వస్తానని నేను. ఆఖరిసారి నవ్వాడు. "ఈడ ఆ దెబ్బ నేను పోయిన్నాడే మోగాలెరా. గప్పుడు రా, పాడుదువు." ఫోన్ పెట్టేశాను. పాపిష్టివాణ్ని.

వెళ్ళేసరికి ఇంటి ముందు డప్పులు మంటకు కాస్తున్నారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన అభిమానులు గోడవారన నిలబడ్డారు. వదిన నన్ను పట్టుకుని, "నిన్ను పాడుమన్నడు తమ్మీ, మరిచిపోకు" అన్నది.

పాడె లేచింది. దెబ్బ మొదలైంది. గోడవారనున్న కుర్రాళ్ళు ఉలిక్కిపడి నా మొహం చూశారు. తాము ఇన్నాళ్ళూ దేనికి చిందులేశారో వాళ్ళకు అప్పుడే తెలిసినట్టుంది.

పాడె వెనకే నడిచాను. నాలుగు దెబ్బలు కాగానే నేను అందుకోవాలి. నోరు తెరిచాను. ఏడుపు తప్ప ఏమీ రాలేదు. దరువు మళ్ళీ మొదటికొచ్చింది. మళ్ళీ అందలేదు. తడబడినప్పుడల్లా చూసినట్టే, అలవాటుగా వెనక్కి తిరిగి చూశాను.

వెనక వాకిట్లో ఎవరో నీళ్ళు చల్లుతున్నారు. అన్న ముందు పోతున్నాడు.