గని మాటలకు ఎడిటర్ వెతికిన రోజులు

2012లో నన్ను సిస్టమ్స్ మేనేజరుగా గోదావరిఖని బొగ్గు గనుల ఏరియా ఆఫీసుకు బదిలీ చేశారు. మాది తెనాలి వైపు. ప్రత్యేక రాష్ట్రం కోసం ఆ ప్రాంతమంతా కదులుతున్న కాలం. ఎలా చూస్తారో అన్న బెరుకుతోనే చేరాను.

ఏరియాలోని భూగర్భ గనుల భద్రతా నివేదికలన్నింటినీ వెతికితే దొరికేలా చెయ్యడం నాకప్పగించిన పని. నివేదికలు అప్పటికే కంప్యూటర్లలో ఉన్నాయి. చిక్కల్లా మాటలతోనే. పైనుంచి రాయి ఊడిపడితే ఒక గనిలో ‘రూఫ్ ఫాల్’ అని రాసేవారు, ఇంకోచోట ‘పైకప్పు కూలింది’ అని, మరోచోట ‘బండ పడ్డది’ అని. ఒక మాటతో వెతికితే తక్కినవి వచ్చేవి కావు.

దీనికి లింక్డ్ డేటా అనే పద్ధతి ఉంది. ప్రతి విషయానికీ ఒక గుర్తింపు ఇచ్చి, దానికున్న పేర్లన్నీ తగిలించి, ఏది దేనికి కారణం, ఏది ఎక్కడుంది అనే సంబంధాలను రాసుకుంటూ పోతాం. ఆ సంబంధాల అల్లికనే ఆంటాలజీ అంటారు. దాన్ని రాయడానికీ దిద్దడానికీ ఒక ఎడిటర్ కావాలి. ఏదో ఒకటి తేల్చి చెప్పమన్నారు.

వడపోతలో రెండు మిగిలాయి. మొదటిది ఒక్క కంప్యూటర్లో పెట్టుకుని వాడేది. సంబంధాల్లో పొరపాటు దొర్లితే తనే పట్టేస్తుంది. రెండోది ఏ గని ఆఫీసులోనైనా బ్రౌజర్‌లో తెరుచుకునేది. దానికి తప్పులు పట్టే శక్తి తక్కువ, నెమ్మది కూడా. నా మొగ్గు మొదటిదాని వైపే. హెడ్డాఫీసులో మా చీఫ్ మేనేజరుదీ అదే మాట.

ఖాయం చేసేముందు దాన్ని ఇద్దరికి చూపించాను. ఒకరు ఏరియా సేఫ్టీ ఆఫీసర్ రాజేశం గారు, రెండోవారు ఓదెలు గారు. ఓదెలు ఓవర్‌మ్యాన్, అంటే షిఫ్టులో గని కింద పనినీ మనుషులనూ చూసుకునే ఉద్యోగి. తెర మీద పెద్ద అక్షరాల్లో ‘రూఫ్ ఫాల్’ వచ్చింది. దాని అడుగున ‘ఇతర పేర్లు’ అని చిన్నగా తక్కినవి, అన్నిటికన్నా కింద ‘బండ పడ్డది’.

“మా మాట గంత కిందికెందుకు పోయింది మేడమ్? బాయిల అందరం అనేది గదే కదా,” అన్నారు ఓదెలు. బాయి అంటే వాళ్ల మాటలో గని.

ఆ రోజుల్లో ఆ ప్రశ్న ఒక్క గని మాట గురించే కాదని గదిలో అందరికీ తెలుసు. రాజేశం గారే అందుకున్నారు.

“గది మేడమ్ పెట్టింది కాదు ఓదెలన్నా, ఆ సాఫ్ట్‌వేర్ తీరే గట్ల. ఇంకోటి ఉన్నదంటున్నరు, అది గూడ చూద్దాం.”

రెండోది తెరిచాను. అందులో ఏ గనివాళ్లు తెరిస్తే వాళ్ల మాటే పైన కనిపిస్తుంది. ఓదెలు తనే కీబోర్డు ముందు కూర్చున్నారు.

“తప్పుంటే మా ఆఫీసుల కూసునే దిద్దొచ్చా?”

“దిద్దొచ్చు. ఎవరు దిద్దారో అందరికీ కనిపిస్తుంది.”

“అయితే మాకిదే గావాలె.”

రెండోదే తీసుకుందామని చీఫ్ మేనేజరుకు రాశాను. తప్పులెవరు పడతారని ఫోనులో నిలదీశారు. వారం వారం ఒక ప్రతి తీసి మొదటిదానిలో సరిచూస్తానన్నాను. ఒప్పుకోవడమే కాదు, అడక్కుండానే ఒక సర్వర్ కూడా పంపించారు.

కొన్ని నెలల్లో గనులవాళ్లే మాటలు చేర్చడం మొదలుపెట్టారు. ఒకరోజు రాజేశం గారు ఎడిటర్ చూస్తూ, పక్కపక్క గనుల్లో వేర్వేరు పేర్లతో ఉన్న రెండు స్లిప్పుల దగ్గర ఆగిపోయారు. స్లిప్పు అంటే రాతిపొరలు జారి ఏర్పడిన పగులు. సర్వే విభాగంలో ప్లాన్లు పక్కపక్కన పెట్టించి చూస్తే, సరిహద్దు దాటి సాగిన స్లిప్పు ఒకటేనని తేలింది. ఎడిటర్‌లో రెండింటినీ కలపగానే అవతలి గని నివేదికలు ఒక వరుసలో వచ్చాయి. ఆ స్లిప్పు వెంబడి కర్రతో కప్పును కొట్టి చూస్తే డొల్ల చప్పుడు, నీటి చెమ్మ, అక్కడక్కడ బండ రాలడం. ఇవతలి గనిలో ఆ స్లిప్పు వైపే పని సాగుతోంది. అక్కడ డ్యూటీ ఓదెలు గారిది.

రాజేశం గారు ఆ నివేదికలు తీసుకుని నేరుగా గని మేనేజరు దగ్గరికి వెళ్లారు. మేనేజరు వెళ్లి కప్పు కొట్టించి చూశారు. పని ఆపించి, మనుషులను వెనక్కి రప్పించి, అడ్డుకంచె కట్టించారు. ఇవతల కప్పుకు ఆసరాగా దుంగలు నిలబెట్టించారు.

కొద్ది రోజుల తర్వాత ఓదెలు గారు షిఫ్టు దిగి, మొహాన బొగ్గుతోనే మా ఆఫీసుకు వచ్చారు.

“కంచె అవతల బండ పడ్డది మేడమ్. పెద్దదే. మనోళ్లందరూ ఇవతలనే ఉన్నరు.”

‘మనోళ్లు’ అన్నారాయన. కూర్చోమని, నీళ్లిచ్చాను.

ఆ ఎడిటర్ స్థానంలో తర్వాత వేరొకటి వచ్చింది. సాంకేతికంగా మొదటిదే మెరుగని ఇవాళ అడిగినా చెబుతాను. కానీ దాన్నే ఎంచుకుని నా గదిలో పెట్టుకుని ఉంటే ఆ రెండు స్లిప్పులను కలిపే మనిషి దాని దరిదాపులకు కూడా వచ్చేవాడు కాదు. రాజేశం గారికీ, ఓదెలు గారికీ, అడక్కుండా సర్వర్ పంపిన మా చీఫ్ మేనేజరుకూ నేను రుణపడి ఉన్నాను. ఆ తర్వాత ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాల్సి వచ్చినా, అది ఏమేం చెయ్యగలదన్నది రెండో ప్రశ్నగా పెట్టుకున్నాను. దాన్ని దిద్దాల్సిన మనిషి ఎక్కడ కూర్చుంటాడన్నదే మొదటి ప్రశ్న.