గోడకు చెప్పిన పాఠాలు

హైదరాబాదు పత్తర్‌గట్టిలో మా నాన్నకు బట్టల దుకాణం ఉండేది. మీసం మొలవకముందే నాకక్కడ ఒక విద్య పట్టుబడింది. ఆఖరి ధర చెప్పేటప్పుడు గిరాకీ మొహం చూడకూడదు. వెనక్కి తిరిగి, అరలో బట్టల తాన్లు సర్దుకుంటూ, కొంటే కొను లేకపోతే లేదన్నట్టు చెప్పాలి. మొహం కనపడితే మన ఆశ కూడా కనపడుతుంది. ఈ పనిలో నేను మా అన్నలకంటే ఘటికుణ్ణి. అయినా నాన్న దుకాణాన్ని వాళ్లకే అప్పజెప్పాడు. గద్దె మీద నాకు చోటు మిగలక, మెట్రిక్ చదివిన పుణ్యాన మలక్‌పేటలోని చెవిటి పిల్లల బడిలో మాస్టరుగా చేరాను. అవి యుద్ధం రోజులు. బడి అంటే అద్దె ఇల్లు, రెండు గదులు, ఒక వరండా.

వినపడని పిల్లలకు పాఠం ఎలా చెప్పాలో మాకెవరికీ తెలియదు. గట్టిగా అరిస్తే కొంతైనా లోపలికి పోతుందని నా నమ్మకం. ఆ ఎండాకాలం మా ముగ్గురు కొత్త మాస్టర్లకు శిక్షణ పెట్టారు. నేర్పడానికి వచ్చిన పెద్దమనిషిది శాలిబండ. బొంబాయిలో ఈ చదువు చదివి వచ్చాడు. పరీక్ష సంగతి మొదటిరోజే చెప్పేశాడు. చెయ్యి ఊపకుండా, బొమ్మ గీయకుండా, పెదవులతోనే ఒక పిల్లకు ఒక మాట అందించాలి. అందితే పాఠం చెప్పడానికి ఒక క్లాసు ఇస్తారు. అందకపోతే ఇంటికే. ఇల్లంటే నాకు అన్నల వెనక నిలబడి తాన్లు అందించడం.

శిక్షణ ఇలా సాగేది. మాలో ఇద్దరు చెవుల్లో దూది కుక్కుకొని, పైన రుమాలు కట్టుకొని పిల్లల్లా కూర్చోవాలి. మూడోవాడు పాఠం చెప్పాలి. ఆయన కూడా దూది పెట్టుకొని మా పక్కనే కూర్చునేవాడు. నా వంతు వచ్చినప్పుడు ఆవు గురించి బ్రహ్మాండంగా చెప్పాననుకున్నాను. ఆయన దూది తీశాడు.

"ఏం జెప్పినవో ఎరుకేనా భాయ్?"

"ఆవు పాలిస్తదని చెప్పిన సాబ్."

"ఆవు దాక మాకు జెప్పినవ్. పాలిస్తదని గోడకు జెప్పినవ్."

మిగతా ఇద్దరూ రుమాళ్లు విప్పి మరీ నవ్వారు. నిజమే, అసలు మాట వచ్చేసరికి నా మెడ దానంతట అదే గోడవైపు తిరుగుతోంది.

"దుకాణం అలవాటు సాబ్," అన్నాను.

"నువ్వు మొహం దాసుకుంటే పిల్లకేం మిగుల్తది? ఇంకోటి. ఆ మీసం తియ్యి. పై పెదవి కనవడ్తలేదు."

నేను బేరానికి దిగాను. "కొసలు కత్తిరిస్త సాబ్."

"నై."

"సగం?"

"సగం మీసంతోని బజార్ల తిరుగుతవా?"

"సన్నగ గీత లెక్క ఉంచుకుంట."

"ఆ గీత ఉంచుకొని దుకాణంల కూసో, పో."

మరునాడు నున్నటి మూతితో వెళ్లాను. పాను కూడా మానిపించాడు, అది కొసరు. ఇంట్లో మా అమ్మ నన్ను చూసి గుండెమీద చెయ్యి వేసుకుంది. "మీ నాయిన బతికే ఉన్నడు గద బిడ్డా, గిదేంది?"

పరీక్షరోజు నా ముందు కూర్చోబెట్టిన పిల్లకు ఏడెనిమిదేళ్లుంటాయి. బడికి కొత్త. నాకు వచ్చింది అమ్మకమే కనుక బల్ల మీద రిబ్బన్ల దుకాణం పెట్టాను. "ఎర్రది తియ్యి," అన్నాను. చెప్పీ చెప్పకముందే తల వంచి సరుకు సర్దడం మొదలుపెట్టాను. పిల్ల నా నెత్తి చూసింది, రిబ్బన్లు చూసింది, లేచి గుమ్మం వైపు నడిచింది.

"ఆగు బిడ్డా, పచ్చది గూడ ఉన్నది!"

పత్తర్‌గట్టిలో ఆ కేకకు నలుగురు వెనక్కి తిరిగేవాళ్లు. ఇక్కడ నేను అరిచింది ఒక వీపుకు. పెద్దాయన మూలన కదలకుండా కూర్చున్నాడు. ఆయన లేచాడంటే పరీక్ష అయిపోయినట్టే.

పోతున్న గిరాకీ కోసం గద్దె దిగడం మా వంశంలో లేదు. నేను దిగాను. పిల్లను దాటి పరుగెత్తి, గుమ్మంలో వెలుతురు నా మొహం మీద పడేలా మోకాళ్ల మీద కూర్చున్నాను. ఆశంతా మొహం మీదే ఉంది, దాచుకోవడానికి మీసమైనా లేదు. "పచ్చది ఉన్నది. చూస్తవా?" అని మెల్లగా అన్నాను.

ఆమె నా నోటివంక చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత బల్ల దగ్గరికి వెళ్లి, కుప్ప అడుగునుంచి పచ్చ రిబ్బను లాగింది. జడకు పెట్టుకొని చూసుకుంది. మూతి విరిచి, దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టి, నా పక్కనుంచి దూరి వరండాలోకి పోయింది.

నేను మోకాళ్ల మీదే ఉండిపోయాను.

"బేరం కాలే," అన్నాడు పెద్దాయన.

"కాలే సాబ్."

"మాటైతే సమజైంది గద ఆమెకు. క్లాసు నీదే. రేపు పొద్దుగాల్నే వచ్చి, ఏ రంగు గావాల్నో ముందుగాల ఆమెను అడుగు."