నాంపల్లి డాక్టరు గారి అనుమానాలు

నాంపల్లి డాక్టరు గారు పోయారని మొన్న మంగళవారం పొద్దున ఆయన కాంపౌండరు మా ఇంటికి వచ్చి చెప్పాడు. ఎక్కడ, ఎప్పుడు, దగ్గర ఎవరున్నారు అని అతన్ని వరుసగా అడిగాను. ముందురోజు సాయంత్రం, రోగులు రాకముందే, తన కుర్చీలోనే గుండె ఆగిందని ఓపికగా చెప్పాడు. అయినా నాకు నమ్మకం కలగలేదు. చూడకుండా ఎవరి మాటా నమ్మవద్దన్న అలవాటును నాకు అంటించినది ఆ డాక్టరు గారే. కనుక ఆయన మరణవార్తను కూడా అలాగే స్వీకరించడం ఆయనకు అగౌరవం కాదని భావించాను. నా భార్య అప్పటికే చీర మార్చుకుని నిలబడి ఉంది. ఇద్దరం ఆబిడ్స్‌లో బస్సు దిగి నడిచి వెళ్లాం.

రాష్ట్రం ఏర్పడిన యాభై ఆరులో కార్యాలయంతో పాటు కృష్ణా జిల్లా వాణ్ణైన నేనూ ఈ నగరానికి వచ్చాను. పగలు టైపిస్టుగా పనిచేసి, సాయంత్రపు తరగతులకు హాజరై బి.ఏ. పట్టా పొందాను. ఆ పట్టా ఇప్పటికీ మా ముందుగదిలో గోడకు వేలాడుతోంది. దాన్ని తీయమని సలహా ఇచ్చినవారితో నేను వాదించను, తీయను. చదువుకున్నవాణ్ణి కనుక వైద్యులను ప్రశ్నించే హక్కు నాకుందని అనుకునేవాణ్ణి. డాక్టరు గారు ఆ హక్కును మన్నించారు. అందరూ మన్నించరు.

ఆయన నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చిన మనిషి. మరో వైద్యుడు రాసిన చీటీ చేతికిస్తే, దొంగనోటును పరీక్షించినట్టు వెలుతురుకు ఎత్తి చూసేవారు. పెద్దపేగు లోపలి పొర పుండ్లు పడి, నెత్తురుతో విరేచనాలయ్యే అల్సరేటివ్ కొలైటిస్ అనే జబ్బు మీద ఆయనకు ప్రత్యేకమైన పట్టింపు. అది తెల్లవాళ్ల జబ్బని, మన దేశంలో బహు అరుదని ఆయన చదివిన విదేశీ పుస్తకాలు చెప్పేవట. ఇక్కడేమో నెత్తురు పడితే అమీబా అనేవారు, మనిషి చిక్కిపోతే పేగుల క్షయ అనేవారు. ఆయన ఈ మూడింటినీ నమ్మలేదు. "మన దగ్గర లేదా, మనం చూస్తలేమా?" అని ఎదురుగా ఎవరుంటే వారిని అడిగేవారు. సమాధానం కోసం ఆగేవారు కూడా.

నా భార్యను ఆయన దగ్గరికి తీసుకువెళ్లింది అరవై తొమ్మిదిలో, ప్రత్యేక రాష్ట్రం కోసం ఆందోళన సాగుతున్న రోజుల్లో. ఆమె ఒంటి మీద చీర నిలిచేటంత కండ కూడా లేదు. ఖైరతాబాద్‌లో పేరున్న ఒక వైద్యుడు పేగుల క్షయ అని నిర్ధారించి, మరుసటి వారం పేగు కోసి తీయాలన్నారు. కోతకు ఆమె తట్టుకుంటుందా అని నేను అడిగితే ఆయన గడియారం చూసుకున్నారు. అందుకే ఇంకో అభిప్రాయానికి ఇక్కడికి వచ్చాం.

డాక్టరు గారు నొప్పి గురించి అడగలేదు. ముందుగా, "ఏ ఊరమ్మా మీది?" అన్నారు.

ఆ రోజుల్లో ఈ ప్రశ్న వినగానే ఆంధ్ర నుంచి వచ్చిన మావంటివారి వెన్ను బిగుసుకునేది. బస్సులో ఆ ప్రశ్న పడితే తరువాతి స్టాపులో దిగిపోయిన సందర్భాలున్నాయి. ఆ వివరం రోగానికి అవసరమా అండీ అని కొంత కఠినంగానే అడిగాను.

"రోగానికి అక్కర్లేదు సార్, నాకు కావాలె. ఫికర్ చేయకుండ్రి, ఇల్లుగలోళ్ల లెక్క కిరాయి పెంచేటందుకు అడుగుతలేను."

నా భార్య ఊరి పేరు చెప్పింది. ఆయన ముఖం చిట్లించారు. "గట్లయితే నాకు అనుమానమొస్తుంది. మీ దిక్కు నుంచి వచ్చిన నౌకరీలోళ్లు నెత్తురు కనబడ్డ వారంలనే వస్తరు. రోగం పేరు కూడా వాళ్లే చెప్తరు. మా దిక్కు కూలోళ్లు చిక్కిపోయి బొక్కలు తేలినంక వస్తరు. ఈమె మీ ఊరోళ్ల లెక్క రాలే, మా ఊరోళ్ల లెక్క వచ్చింది. ఎవరు ఆపిన్రు?"

ఆ మాట అంటూ ఆయన చూసింది నా వైపు. తెలిసిన నెలలోనే ముగ్గురు వైద్యులకు చూపించానని చెప్పబోయాను. నా భార్య నన్ను ఆపింది.

"ఆయన కాదండీ. మూడేళ్ల పాటు ఆయనకూ తెలియనివ్వలేదు."

అప్పుడు చెప్పింది, నేనూ మొదటిసారి విన్నాను. గౌలిగూడలో మేమున్న ఇంట్లో అయిదు వాటాలకు ఒకటే మరుగుదొడ్డి. పక్కవాటావిడ ఒకసారి, వీళ్లు అక్కణ్ణుంచి రోగాలు కూడా మోసుకొచ్చారని అందరూ వినేలా అన్నదట. నెత్తురు సంగతి బయటపడితే ఇల్లు ఖాళీ చేయమంటారని ఈమెకు భయం. అందుకని ఎవరూ లేవకముందే వెళ్లి వచ్చి, నీళ్లు కొట్టి కడిగేది. ఎక్కువసార్లు వెళ్లవలసి వస్తుందని తినడం తగ్గించేసింది. మనిషి చిక్కిపోవడానికి సగం కారణం అదేనట.

డాక్టరు గారు అప్పటిదాకా రాసినది కొట్టేశారు.

"నా లెక్క తప్పింది. నేను ఊరు అడిగిన. పాయఖాన ఎంతమందిది అని అడగాలె."

ఆ తరువాత ఆయన వెలుగున్న గొట్టంతో స్వయంగా పరీక్షించి, పేగు పొరలోంచి చిన్న ముక్క తీసి ప్రయోగశాలకు పంపారు. క్షయా కాదు, అమీబా కాదు, ఆ తెల్లవాళ్ల జబ్బేనని తేలింది. తన అనుమానమే నిజమైందంటే దాన్నీ అనుమానించాలని మరో చోటికి కూడా పంపారు. అక్కడా అదే మాట వచ్చాక మాత్రలు మొదలుపెట్టారు. కోత తప్పింది. ఆ మాత్రల గురించి నేను ఇంకొక వైద్యుణ్ణి రహస్యంగా అడిగాను. ఆ సంగతి ఆయనకు తెలిసిపోయింది. కోపగిస్తారనుకున్నాను. "మంచిగ చేసిన్రు. నన్ను అనుమానించకుంటే నేను ఊకెనే ఎట్ల మంచోణ్ణయిత?" అన్నారు. నా భార్య ఒళ్లు చేశాక కూడా నయమైందన్న మాట ఆయన నోట రాలేదు. "తగ్గింది అనుండ్రి, పోయింది అనకుండ్రి" అనేవారు. నిజమే, పోలేదు.

ఒకే జబ్బు కొందరిలో తొలిదశలో, కొందరిలో పేగంతా పాడయ్యాక బయటపడటానికి ఒంటి తత్వం కారణమా, తిండి కారణమా, లేక చెప్పుకోలేకపోవడమా అన్నది ఆయన చివరివరకూ తేల్చుకోలేదు. మూడింటినీ అనుమానితుల వరుసలోనే నిలబెట్టి వెళ్లిపోయారు.

మంగళవారం ఆయన ఇంటి వరండా నిండా జనం. తాపీ మేస్త్రీలు, గుమాస్తాలు, బురఖాల్లో ఉన్న స్త్రీలు. ఆయనతో మీకేం పరిచయమని ఎవరూ ఎవరినీ అడగడం లేదు. అడిగితే రోగం పేరు చెప్పాలి. నేనూ గోడ వైపు చూస్తూ నిలబడ్డాను.

ఒక మూల బురఖాలో ఉన్న చిన్నవయసు అమ్మాయి బాగా నీరసించి, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఎప్పటినుంచి చూపించుకుంటున్నావని నా భార్య అడిగింది. రెండుసార్లే వచ్చానని, ఇంట్లో అత్తకు తెలియదని ఆ అమ్మాయి తల దించుకుని చెప్పింది. "ఇగ ఎవరికి చెప్పాలె అమ్మా?"

నేను చుట్టూ ఎవరు వింటున్నారోనని చూశాను. నా భార్య చూడలేదు. ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని, అంతమంది మధ్య, తన పొట్ట మీద ఎడమ పక్కన ఆనించుకుంది.

"నాకు ఇక్కడ మొదలైంది. నీకెక్కడ?"