రాని ఇద్దరి లెక్క

నీలం నగర్‌లో మా వాడకట్టు ఆడవాళ్లంతా బీడీలు చుట్టేవాళ్లే. కానీ బీడీల చాట ముందు కూర్చుని నోటితో ఎక్కాలు వల్లించే మనిషి చంద్రభాగక్క ఒక్కతే. ముప్పై ఐదేళ్ల వయసులో ఆమె పదో తరగతి పరీక్షకు ఫారం నింపింది. తంబాకుతో పని మానకపోతే ఛాతీ మిగలదని డాక్టరు కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు. బాల్వాడిలో పిల్లల్ని చూసుకునే పని ఖాళీగా ఉంది, దానికి పది పాసై ఉండాలి. మిగతావన్నీ గట్టెక్కాయి గానీ గణితం మాత్రం రెండుసార్లు తన్నేసింది.

వాడలో పది దాటి చదివింది నేనొక్కదాన్నే కాబట్టి ఆ గణితం చెప్పే పని నా నెత్తిన పడింది. నాకు ఓపిక తక్కువ, అక్కకు ప్రశ్నలు ఎక్కువ. తెలియనిదానికి ఎక్స్ అని పేరు పెట్టడం మాత్రం ఆమెకు చిటికెలో వచ్చేసింది.

"పెండ్లికి ఎంతమంది వస్తరో తెల్వకున్నా ఎసరు పెడ్తం గద సుశీలా, గట్లనే!" అని నవ్వింది.

చిక్కంతా మాటల లెక్కలతోనే. పన్నెండు మంది ఆడవాళ్లు ఒక పనిని పది రోజుల్లో చేస్తారు, ఇద్దరు రాకపోతే ఎన్ని రోజులు పడుతుందని అడిగాను. పలక మీద పది అని రాసింది.

"తప్పక్కా! పది మంది ఎక్స్ రోజులు చేసినా, పన్నెండు మంది పది రోజులు చేసినా పని ఒక్కటే. నూట ఇరవైని పదితోని భాగించు. ఎక్స్ అంటే పన్నెండు."

"ఆ ఇద్దరెందుకు రాలె?"

"పుస్తకంల రాయలె!"

"పానం బాగలేకపాయెనో, బాలింతలో. వాళ్ల వాటా మిగిలినోళ్లు చుట్టియ్యాలె గద పిల్లా. లేకుంటే కార్ఖానాల వాళ్ల పేర్లు కొట్టేస్తరు. పది రోజులకే పని అయిపోవాలె."

ఆమెది మొండితనం కాదు. మల్లమ్మ కాన్పుకు పోయినప్పుడు ఆమె బీడీలు వాడంతా కలిసి చుట్టి, ఆమె పేరు నిలబెట్టింది. మా దగ్గర అదే పద్ధతి. అయినా నాకు కోపం ఆగలేదు.

"నీ మంచితనం పేపర్ల రాస్తే సున్నా వస్తది. లెక్కలల్ల మనుషులకు చేతులే ఉంటయి, మనసుండదు!" అని అరిచాను.

ఆమె దగ్గుతూ పలక మీది పదిని తుడిచేసి పన్నెండు అని రాసింది. తర్వాత మళ్లీ ఎందుకని అడగలేదు.

మూడోసారి పరీక్ష దగ్గరపడ్డాక ఆమె చాట వాడలోని ఆడవాళ్లు లాక్కున్నారు. ఆమె వాటా వాళ్లు చుట్టారు, ఆమె చదువుకుంది. ఆ పట్టుదలకు నేనే దండం పెట్టాను. ఫలితాలు వచ్చిన రోజు గణితంలో నలభై రెండు మార్కులు! బాల్వాడి పని ఖాయమైంది. అందరూ పాలకోవా పేడాలు పంచుకుంటుంటే అక్క మాత్రం గడప మీద తల వంచుకుని కూర్చుంది.

"పాసైనవ్ గదక్కా, గిదేంది?" అన్నాను.

"ఆ ఇద్దరు రాని తీరు లెక్కనే వచ్చింది. నువ్వు చెప్పినట్టే రోజులు పెంచి రాసిన," అంటూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "రానోళ్ల వాటా ఎవ్వరితోని చుట్టిపియ్యలె. వాళ్ల పేర్లు కొట్టేసే ఉంటరు, పిల్లా."