కన్నాలు పూడ్చిన పాట

ఉక్కు ప్లాంటు కాలనీ సెక్టర్ 2లో చినబాబు రోజూ స్నానం కాగానే పాత పియానోలో రూపాయి బిళ్ల వేస్తాడు. బిళ్ల పడితే తనంత తానే మోగే రకమని, హథ్‌ఖోజ్ తుక్కు కొట్లో దాని బిళ్ల సందు చూసి పోల్చుకుని కొన్నాడు. ప్లాంటులో ముప్పై ఏళ్లు గ్యాసు గొట్టాల లీకులు కట్టిన చెయ్యి. పక్కింటి కుళాయి కారినా అడక్కుండానే బిగించేస్తాడు. దాని గాలి తిత్తులకు కొత్త తోలు వేశాడు. లోపలి కాగితపు చుట్ట నిండా కన్నాలుంటే చెదలనుకుని, మంచం పట్టిన భార్య జోగమ్మ చేత మైదా జిగురుతో అన్నీ పూడ్పించాడు. “పాటెప్పుడు ఇనిపిస్తావు మరి?” అంటూనే ఆవిడ వెళ్లిపోయింది.

దినాలయ్యాక కూతురు భాగ్యరేఖ ఫోనులో చూసి చెప్పింది: “నాన్నా, ఆ కన్నాలే పాటట. వాటిలోంచి గాలి పోతేనే మోగుతుందట. అతుకులు తీసేద్దాం.”

“మీ అమ్మ అంటించినవి పీకీమంటావేటే?”

ఇప్పుడు బిళ్ల పడగానే చుట్ట తిరుగుతుంది, తిత్తులు మెల్లగా ఊపిరి తీస్తాయి. చినబాబు పెట్టెకు చెవి ఆనించి, చుట్ట అయిపోయేదాకా వింటాడు.