పాపన్ నోరు మూసుకున్న పూట

వేలూరు దగ్గరి గుడియాత్తంలో, నేతవీధిలో పాపన్ చెప్పిన మాట నమ్మినవాడు ఈ అరవయ్యేళ్ళలో ఒక్కడూ లేడు. ఏడాదంతా ఎండి ఉండే పాలారు ఏరు అతడి మాటల్లో నడివేసవిలో కూడా ఒడ్డులొరుసుకుని పారుతుంది. విరించిపురం తేరు బురదలో దిగబడితే అతడొక్కడే భుజం పెట్టి లేపుతాడు. అతడు నేసిన లుంగీ సింగపూరులో ఒక మొసలి నోట పడితే, దాని మనవళ్ళు కూడా లాగి లాగి అలసిపోయారు గానీ పోగు తెగలేదు.

ఆ కథలతో వీధికి పని కూడా ఉంది. తెల్లవారకముందే మగ్గానికెక్కించే నిలువుపోగుల పడుగును వీధి పొడుగునా సాచి, నూలుకు గంజి పట్టించి, రెండు పక్కలా నిలబడి కుంచెలతో దువ్వుతారు. గంజి ఆరేదాకా ఎవరూ కదలకూడదు. ఒక్కడు పక్కకు పోయినా నూలు అతుక్కుపోయి పడుగంతా పాడవుతుంది. కాళ్ళు లాగేసే ఆ పనిలో అందరినీ నిలబెట్టేది పాపన్ నోరే.

అలా ఒక పొద్దున పడుగు సగం ఆరింది. పక్కవీధి కల్యాణ మండపానికి కొత్తగా వచ్చిన కాపలావాడు రొప్పుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"మండపం నీళ్ళ మోటారు పోయినాది! తెల్లారినాక ట్యాంకు నింపి, టీ తాగి వచ్చేలోగా లేదప్పా! ఎవురైనా చూసినారా?"

పాపన్ కుంచె ఆపకుండానే అన్నాడు: "యాడికి పోతాది? నేనే ఎత్తుకొనిపోయి పాలారులో పెట్టొచ్చినా. ఏట్లో నీళ్ళు ఎట్టాగూ లేవు, మోటారన్నా ఉండనీ అని."

వీధి వీధంతా విరగబడి నవ్వింది. కాపలావాడు మాత్రం నవ్వలేదు. పాపం, పొరుగూరివాడు. అతడికి పాపన్ సంగతి ఏం తెలుసు? నేరుగా పోలీసుల దగ్గరికి పోయాడు.

మధ్యాహ్నానికి పాపన్ పోలీస్ స్టేషన్ బెంచీ మీద ఉన్నాడు. మొదట్లో బుద్ధిగానే చెప్పాడు. "తెలీదు సామీ. ఊరికే పరాచికానికి అన్నా." ఎస్సై అతడిని పైనుంచి కిందికి చూసి వదిలేసేవాడే. కానీ పక్కనున్న కానిస్టేబుల్ కిసుక్కుమన్నాడు.

"ఈ ముసలాయనా సార్ మోటారు మోసింది? చెంబు మోస్తేనే ఎక్కువ."

పాపన్‌కు అక్కడ కాలింది. "చెంబా? ఒంటి చేత్తో ఎత్తినా! రెండో చేతిలో బీడీ ఉండె!"

ఇక ఆగలేదు. గోడ ఎలా దూకాడో, కుక్కను ఏ పాట పాడి నిద్రపుచ్చాడో వరసగా చెప్పాడు. ఎస్సై అంతా రాయించుకున్నాడు. రాయించుకుని, అరెస్టు చేస్తున్నానన్నాడు. రేపు కోర్టు, ఆ తర్వాత వేలూరు తొరపాడి జైలు. జైలు పేరు వినగానే పాపన్ ఇంటికి కబురు పంపమని బతిమాలాడు.

భార్య వళ్ళి బీడీలు చుట్టే చాట పక్కన పెట్టి వచ్చింది. మొగుణ్ణి ఒక్క చూపు చూసింది. "మోటారు ఎత్తినావా? ఇంట్లో బియ్యం మూట ఎత్తమంటే నడుం నొప్పంటావే!" అని ఎస్సై వైపు తిరిగింది. "ఎందుకు పట్టినారో కాయితం ఇయ్యండయ్యా. మాకు చెప్పల్ల. వక్కీలును పిలుచుకుంటాం."

బీడీ కార్మికులకు చట్టాలు చెప్పే మీటింగుకు ఆమె వడ కోసమే వెళ్ళింది. వడతో పాటు నాలుగు మాటలు కూడా లోపలికి పోయాయి. ఆ మీటింగులో మాట్లాడిన వకీలు కవిప్రియ నంబరు ఆమె ఫోనులో ఉంది. పేదవాళ్ళ తరఫున ఉచితంగా వాదించడానికి ప్రభుత్వం పెట్టిన వకీలు. వళ్ళి ఫోను చేస్తే, పొద్దు వాలకముందే వేలూరు నుంచి బస్సులో దిగింది.

కడ్డీల పక్కన కూర్చుని మెల్లగా అడిగింది. "కొట్టినారా తాతా?"

"లేదమ్మా. టీ ఇచ్చినారు. చక్కెర తక్కువ."

"సరే, విను. పోలీసుల దగ్గర నువ్వు ఒప్పుకున్నట్టు చెప్పినది కోర్టులో సాక్ష్యం కాదు. ఒక రోజు లోపల నిన్ను మేజిస్ట్రేటు ముందర నిలబెట్టాల. ఇక్కడా అక్కడా నీకు గమ్మునుండే హక్కు ఉండాది."

పాపన్ దిగులుగా చూశాడు. "ఆ హక్కు ఇంకెవురికన్నా ఇచ్చెయ్యమ్మా. నాకు పనికిరాదు."

"పనికొస్తాది. మళ్ళా ఒక్క కథ చెప్పినావంటే తొరపాడిలోనే పడుగు సాచుకోవాల."

మర్నాడు పొద్దున్నే కోర్టు. మేజిస్ట్రేటమ్మ కాగితం చదువుతూ చదువుతూ కళ్ళద్దాలు పైకి తోసుకుంది. "ఒంటి చేత్తో ఎత్తినాడా?" అని పాపన్ చేతుల వైపు చూసింది. చీపురు పుల్లల్లాంటి చేతులు. "ఈ చేతులతోనా?"

కోర్టులో నవ్వులు. పాపన్ గొంతులోకి ఒక మాట ఎగదన్నుకుని వచ్చింది. ఎంత మంచి మాట! అది బయటపడితే కోర్టు కూడా నేతవీధిలా విరగబడి నవ్వేది. కవిప్రియ తల తిప్పకుండా ఎదురుగా చూస్తోంది. వెనక బెంచీలో వళ్ళి కొంగు నోట్లో కుక్కుకుంది. పాపన్ పెదవులు బిగించాడు. మాట పళ్ళదాకా వచ్చి, పళ్ళను తన్ని, వెనక్కి పోయింది.

కవిప్రియ లేచింది. "అమ్మా, తెల్లారినాక ట్యాంకు నింపినట్టు, అప్పుడు మోటారు ఉన్నట్టు ఫిర్యాదులోనే ఉంది. ఈయన ఆ మాట అన్నది పడుగు దగ్గర, చేతిలో కుంచెతో. తెల్లవారకముందు నుంచీ అక్కడే ఉన్నాడు. గంజి ఆరకుండా కదిలితే పడుగు పాడవుతుంది. ఆ పడుగు చెక్కుచెదరలేదు. ఈయన గొప్పలు విన్నవాళ్ళంతా ఈయన అక్కడే ఉన్నాడని చెప్పడానికి బయట నిలబడి ఉన్నారు. ఇంత చిన్న కేసులో నోటీసు ఇచ్చి పిలిస్తే వచ్చే మనిషిని జైలుకు పంపవలసిన అవసరం ఏముంది?"

మేజిస్ట్రేటమ్మ ఎస్సైని అదే అడిగింది. ఎస్సై ఫైలు తిరగేయడం మొదలుపెట్టాడు. జైలుకు పంపనని చెప్పి, సొంత పూచీకత్తు మీద పాపన్‌ను వదిలేసింది.

వరండాలో వళ్ళి మొగుడి భుజం మీద గట్టిగా ఒకటి వేసింది. ఆ చేతిని మళ్ళీ తీయలేదు. పాపన్‌కు ఆకలి గుర్తొచ్చింది. ఎదురు హోటల్లో ఒక్క మాట లేకుండా ఇడ్లీలు తింటుంటే, వళ్ళికి భయమేసి నుదురు తాకి చూసింది.

వారం తిరక్కుండానే మోటారు దొరికింది. కాయిల్ కాలే వాసన వస్తోందని మండపం యజమాని బావమరిది ఎవరికీ చెప్పకుండా రిపేరు షాపులో పడేశాడు. కేసు మూసేశారు. ఎస్సై స్వయంగా కబురు పంపాడు.

ఆ తర్వాత పడుగు సాచిన రోజు కాపలావాడు కూడా వచ్చి సిగ్గుపడుతూ ఒక మూల నిలబడ్డాడు. వీధంతా పాపన్ వైపే చూసింది.

"ఏమి మామా, కోర్టులో ఏం జరిగినాదో చెప్పు!"

పాపన్ కుంచె తడిపాడు. "చెప్పను. నాకు గమ్మునుండే హక్కు ఉండాది. వక్కీలమ్మను పిలవండి."

గంజి ఇంకా పచ్చిగానే ఉంది. కుర్రాళ్ళ కాళ్ళు లాగుతున్నాయి. చివరికి కాపలావాడే బతిమాలాడు. "చెప్పన్నా. ఈసారి నమ్మను, ఒట్టు."

పాపన్ ముఖం విప్పారింది. "సరి, నమ్మకపోతే చెప్తా. మేజిస్ట్రేటమ్మ నన్ను చూస్తానే కుర్చీలోనుంచి లేసి నిలబడినాది..."