ఏర్పాట్లమ్మ పెట్టిన శిబిరం

ఆఫీసులో ఆమెను ఎదురుగా ఉన్నప్పుడు అందరూ అక్కా అంటారు, అటు తిరగ్గానే ఏర్పాట్లమ్మ అంటారు. ఆ సంగతి ఆమెకి తెలుసు. తెలిసినా పట్టించుకోదు. పట్టించుకోవడానికైనా కాస్త తీరిక ఉండాలి కదా. లాయరుని పెట్టుకునే తాహతు లేనివాళ్ళకి ఉచితంగా సలహా చెప్పి, కోర్టులో కేసులు నడిపే చిన్న ఆఫీసు అది. అక్కడి కుర్చీలు, ఫ్యాన్లు, మంచినీళ్ళు, కోర్టుకి వెళ్ళే వంతులు, సెలవులు, సిబ్బంది అలకలు, అన్నీ ఆమె నెత్తిమీదే. టైపు చేయడానికి మనిషి కావాలి, కొన్నాళ్ళేనంటే వచ్చి చేరింది. ఆ కొన్నాళ్ళు ఇప్పటికీ అవలేదు.

ఇంట్లోనూ అదే వరస. ఆమె భర్త మందుల షాపులో పనిచేస్తాడు. ఊళ్ళో సగం మందికి ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్పే ఆ మనిషికి, మంచం పట్టిన తన తల్లి మాత్రలు మాత్రం గుర్తుండవు. పొద్దున్నే ఆవిడ ఒళ్ళు తుడిచి, మాత్రలు మింగించి, ఆయన కళ్ళజోడు వెతికిపెట్టి ఈమె బస్సెక్కాలి. "నువ్వు లేకపోతే మేమేమైపోతామో" అంటాడాయన, నిజంగా మెచ్చుకుంటూనే. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకి ఒళ్ళు మండుతుంది. అది మెచ్చుకోలు కాదు, బయటి నుంచి గడియ వేయడం అని ఆమెకి అనిపిస్తుంది.

ఇలాంటి మనిషి శిక్షణ శిబిరం ఎందుకు తలపెట్టిందంటే, దానికి కారణం ఫోనమ్మాయి. పేరుకే అమ్మాయి. ఎదిగిన ఇద్దరు పిల్లల తల్లి. ముందు గదిలో కూర్చుని ఫోను ఎత్తేది ఆమే. ఎవరు ఏడ్చినా, అరిచినా, మాట పెగలక ఊరుకున్నా, "మొదటి నుంచి చెప్పండి" అంటుంది. అంతకుముందు ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఒక్కరూ నిలవలేదు. ఈమె నిలిచింది. జనానికి లాయర్ల మొహాలు గుర్తుండవు గానీ ఆ గొంతు గుర్తుంటుంది.

ఆ ఫోనమ్మాయి ఒకరోజు భోజనం డబ్బా మూత తీసి, తినకుండానే మళ్ళీ పెట్టేసి అంది, "అక్కా, నెలాఖరుకి మానేస్తాను."

"ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"ఎవరూ ఏమీ అనలేదు. నిద్ర పట్టట్లేదు. కళ్ళు మూస్తే అవే గొంతులు. నిన్న పొద్దున వంటింట్లో కుక్కర్ కూతేస్తే, మొదటి నుంచి చెప్పండి అన్నానంట. మా పెద్దది పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదక్కా."

ఏర్పాట్లమ్మకీ నవ్వు రాలేదు. ఈ పిల్ల వెళ్ళిపోతే ముందు గది తలుపు తీసినా వేసినా ఒకటే. "నెలాఖరు దాకా ఆగు, ఈలోగా ఏదో ఒకటి చేద్దాం" అంది. ఏదో ఒకటి చేయడం తప్ప ఆమెకి మరో విద్య రాదు.

అందరూ ఊరికి దూరంగా వెళ్ళి రెండు రోజులు నోరు మూసుకుని పడుకుంటే బాగుపడతారని ఆమె ఉద్దేశం. అదే మాట పెద్ద లాయరుగారికి చెప్పింది. ఆయన మంచివారే. కాకపోతే కోర్టులో వాయిదా అడిగినట్టే ఆఫీసులోనూ మాట్లాడతారు.

"రెస్టు అంటే పైవాళ్ళెవరూ ఒప్పుకోరమ్మా. శిక్షణ శిబిరం అనండి. శిబిరం అంటే ఎవరూ కాదనరు. ఎవరో ఒకరు వచ్చి పాఠం చెప్పాలి మరి."

సరే, శిబిరమే. అక్కణ్ణించి ఆమె తల ప్రాణం తోకకొచ్చింది. ఊరి చివర పాత బడి పక్కన అతిథిగృహం మాట్లాడింది. పాఠం చెప్పడానికి మనసు వైద్యం చదువుకున్న ఒక డాక్టరమ్మని బతిమాలింది. ఎవరు గురక పెడతారో, ఎవరికి ఎవరంటే పడదో, ఎవరి ఇంట్లో రాత్రి బయట ఉండనివ్వరో కూపీ లాగి గదులు సర్దింది. చిన్న లాయర్లలో ఒకరు కిటికీ పక్క మంచం కాకపోతే ససేమిరా అన్నారు, ఇంకొకరు కిటికీ పక్కనైతే ససేమిరా అన్నారు. వాళ్ళిద్దరినీ ఒకే గదిలో వేసి, జీవితంలో ఒక్క చిక్కయినా దానంతటదే విడిపోయినందుకు కాసేపు సంతోషించింది. ఫోనమ్మాయికి మాత్రం విడిగా, వెనకవైపు, ఏ చప్పుడూ వినపడని గది ఇచ్చింది. అసలు శిబిరమంతా ఆ గది కోసమే అని ఎవరికీ చెప్పలేదు. అత్తగారిని రెండు రోజులు చూసుకోమని ఆడపడుచుని కాళ్ళావేళ్ళా పడి బతిమాలింది. ఆ పని అన్నిటికన్నా కష్టమైంది.

బయల్దేరే ముందు సాయంత్రం, రెండు రోజులు ఆఫీసు ఉండదని తలుపు మీద అంటించడానికి ప్రకటన రాయాల్సి వచ్చింది. అప్పటికి నిలబడే కునికిపాట్లు పడుతోంది. కాగితం గోడకి ఆనించి రాసేసింది, అంటించింది, తాళం వేసింది, బస్సెక్కింది.

మర్నాడు పొద్దున అతిథిగృహం హాల్లో డాక్టరమ్మ పాఠం మొదలుపెట్టింది. "కళ్ళు మూసుకుని ఊపిరి మీద ధ్యాస పెట్టండి" అనగానే పెద్ద లాయరుగారు గురక అందుకున్నారు. ఫోనమ్మాయిని పాఠానికి రావద్దని ఏర్పాట్లమ్మే గదికి పంపేసింది. కాసేపటికి వెళ్ళి తలుపు సందులోంచి చూస్తే, ఆ పిల్ల చెప్పులు కూడా విప్పకుండా మంచానికి అడ్డంగా పడి నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఏర్పాట్లమ్మకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎన్నో నెలల తర్వాత ఆమె తలపెట్టిన పని ఒకటి అనుకున్నట్టుగా జరిగింది.

అప్పుడే గేటు దగ్గర కాపలా మనిషి వచ్చి, "మీవాళ్ళు వచ్చారమ్మా" అన్నాడు.

"మావాళ్ళంతా లోపలే ఉన్నారుగా."

"కాదమ్మా. చాలామంది వచ్చారు."

వెళ్ళి చూస్తే నిజంగానే చాలామంది. చంకలో ప్లాస్టిక్ సంచులు, చేతుల్లో నలిగిన కాగితాలు. ఆఫీసు ముందు వరండాలో రోజూ కనిపించే మొహాలే. ఒక ముసలాయన ముందుకొచ్చి దణ్ణం పెట్టాడు.

"శిబిరం ఇక్కడేగా తల్లీ?"

ఆమె నీళ్ళు నమిలింది. "ఇది మా శిబిరం తాతా. అంటే, మాకే. మీకు కాదు."

"తలుపు మీద రాశారు కదమ్మా. మా మనవరాలు చదివి చెప్పింది. శిబిరం అని, ఈ చోటు పేరు, కింద, సంబంధిత కాగితాలు వెంట తెచ్చుకోగలరు అని."

తప్పు ఎక్కడ జరిగిందో ఆమెకి అర్థమైంది. ఇన్నేళ్ళుగా పేటపేటకీ వెళ్ళి ఉచిత సలహా శిబిరాలు పెట్టించింది. ప్రతి ప్రకటనా ఆమె చేతిరాతే. ఆ చేతికి శిబిరం అంటే ఒకటే అర్థం. కళ్ళు మూతలు పడుతుంటే చెయ్యి తన అలవాటు తాను కానిచ్చేసింది. తిట్టడానికి ఎవరూ దొరకలేదు, తనని తనే తిట్టుకుంది.

వెనక్కి పంపేయొచ్చు. కానీ అంతదూరం బస్సులు మారి వచ్చినవాళ్ళు. లోపలికి పిలవనూలేదు. పిలిస్తే చిన్న లాయర్లు వస్తారు, ఆ గోలకి ఫోనమ్మాయి గది తలుపూ తెరుచుకుంటుంది. ఆమె హాలు తలుపు దగ్గరికి లాగి, బండ్లు నిలిపే రేకుల షెడ్డు కిందకి కుర్చీలు మోసుకొచ్చింది. తనూ ఒకటి వేసుకుని కూర్చుంది. ఎవరికో ఒకరికి అన్నీ అమర్చిపెట్టడమే తప్ప, ఎదుటి మనిషి గోడు నేరుగా వినే కుర్చీలో ఆమె ఏనాడూ కూర్చోలేదు.

మొదట కూర్చున్నావిడ సామాను లోపల ఉండగానే ఇల్లు అద్దెకిచ్చినాయన తాళం వేసేశాడట. చెప్పబోయి ఆగి అటూ ఇటూ చూసింది. "ఫోన్లో మాట్లాడే అమ్మ రాలేదా? ఆమెకైతే అంతా తెలుసు."

"నిద్రపోతోంది."

"ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది. నిద్ర లేక అలిసిపోయింది."

ఆవిడ వెనక్కి తిరిగి, గోలగా మాట్లాడుకుంటున్నవాళ్ళతో, "నెమ్మదిగా. ఆయమ్మ పడుకుందంట" అంది. ఆ మాట ఒకరి నుంచి ఒకరికి గేటు దాకా పాకింది. తాత దగ్గొస్తే తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని రోడ్డు మీదకి వెళ్ళి దగ్గి వచ్చాడు. ఏడవాల్సినవాళ్ళు కూడా చప్పుడు కాకుండా ఏడ్చారు. ఏర్పాట్లమ్మ ఒక్కొక్కరినీ, "మొదటి నుంచి చెప్పండి" అని అడిగింది. ఆ పూటంతా వింది. సగం వాటికి తన దగ్గర జవాబు లేదని ఉన్నదున్నట్టు చెప్పి, ఏ రోజు ఆఫీసుకి వస్తే ఎవరు చూస్తారో చెప్పి పంపింది. చివరి మనిషి వెళ్ళేసరికి, ఆ పిల్ల రోజూ మోసే బరువు తన మెడ మీదకి వచ్చి కూర్చుంది.

ఎండ చల్లబడ్డాక ఫోనమ్మాయి వచ్చింది. దుప్పటి మడత చెంప మీద అచ్చు పడి ఉంది. "చచ్చినట్టు నిద్రపోయానక్కా" అని పక్క కుర్చీలో చతికిలబడింది. తర్వాత చుట్టూ చూసింది. "ఎవరన్నా వచ్చారా?"

చెప్పేదే. నోటిదాకా వచ్చింది. నిన్నడిగారమ్మా, నువ్వు పడుకున్నావని గుసగుసగా మాట్లాడుకున్నారమ్మా, నువ్వు లేకపోతే వాళ్ళేమైపోతారో అని. ఆ ఒక్క మాట చాలు, ఈ పిల్ల ఇక ఎక్కడికీ వెళ్ళదు. నెలాఖరే కాదు, జన్మలో వెళ్ళదు. ఆ సంగతి ఏర్పాట్లమ్మ కంటే బాగా ఇంకెవరికి తెలుసు? రోజూ పొద్దున్నే ఆ మాట విని బస్సెక్కే మనిషి ఆమే కదా.

"ఎవరూ రాలేదు" అంది.

"మరి ఈ కుర్చీలన్నీ?"

"ఏర్పాట్లు."

ఫోనమ్మాయి నవ్వింది. ఆమె నవ్వగా చూసి చాలా రోజులైంది. చెంప రుద్దుకుంటూ, "నేను మానేస్తానక్కా. నిద్ర లేచాక కూడా అదే అనిపిస్తోంది" అంది.

"మానెయ్యమ్మా" అంది ఏర్పాట్లమ్మ. ఇద్దరూ లేచి కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చారు.

నెలాఖరు అయింది, ఫోనమ్మాయి మానేసింది. ఆ కుర్చీలోకి కొత్త మనిషి ఎవరూ దొరకలేదు. పెద్ద లాయరుగారు దొరుకుతారులే అంటూనే ఉన్నారు. ఒకరోజు పొద్దున ఫోను మోగి మోగి ఆగింది, మళ్ళీ మోగింది. ఏర్పాట్లమ్మ చేతిలో ఉన్న ఫ్యాను మెకానిక్కు రసీదు పక్కన పడేసి, వెళ్ళి కూర్చుని ఎత్తింది.

అటువైపు ఎవరో ఆడమనిషి తడబడింది. "ఈ గొంతు కాదే. ఎప్పుడూ మాట్లాడే అమ్మ లేదా?"

"నిద్రపోతోందమ్మా" అంది ఏర్పాట్లమ్మ. "మీరు మొదటి నుంచి చెప్పండి."